మోహో లోతు ఒక పద్ధతిలో 38, ఇంకో పద్ధతిలో 46 వస్తే థీసిస్‌లో ఏది రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. బెంగళూరులో ఉండి పీహెచ్‌డీ చేస్తున్నారు, చేతిలో రెండు స్టేషన్ల డేటా ఉంది. కోలార్ వైపు స్టేషన్‌లో రిసీవర్ ఫంక్షన్ల మీద హెచ్-కప్పా స్టాకింగ్ చేస్తే క్రస్ట్ మందం, అంటే క్రస్ట్‌కీ మాంటిల్‌కీ మధ్య సరిహద్దైన మోహో లోతు, 35 కి.మీ. వచ్చింది, సర్ఫేస్ వేవ్ డిస్పర్షన్ (పీరియడ్‌ని బట్టి ఉపరితల తరంగాల వేగం మారే తీరు) కలిపి జాయింట్ ఇన్వర్షన్ (రెండు డేటాలకూ సరిపోయే వేగాల మోడల్ వెతకడం) చేసినా దాదాపు అంతే వచ్చింది. హాసన్ వైపు స్టేషన్‌లో మాత్రం మొదటి దాంట్లో 38, రెండో దాంట్లో 46. గైడ్ గారు "ఒక్క అంకె చెప్పు" అంటున్నారు, సెమినార్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. దీంతో పాటు చెన్నైలో ఉన్న మీ ఫ్రెండ్ స్టేషన్‌లో మొదటి పీక్ సున్నా సెకన్ల దగ్గర కాకుండా పక్కకు జరిగి వస్తోంది, అదెందుకని కూడా అడిగారు.

సూటిగా చెప్పేస్తా. హాసన్ దగ్గర 38, 46 రెండూ నిజమే అయి ఉండే అవకాశం ఎక్కువ. అవి ఒకే వస్తువును రెండుసార్లు కొలిచిన అంకెలు కాకపోవచ్చు. సగటు తీసి 42 అని మాత్రం రాయకండి, ఆ లోతులో అసలు ఏ సరిహద్దూ లేకపోవచ్చు.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. సీస్మోగ్రామ్‌లో కిలోమీటర్లు ఉండవు, సెకన్లే ఉంటాయి. దూరపు భూకంపం నుంచి పీ తరంగం కింద నుంచి పైకి వస్తుంది, మోహో దగ్గర అందులో కొంత భాగం ఎస్ తరంగంగా మారుతుంది (దీన్నే పీఎస్ అంటాం), ఎస్ నెమ్మది కాబట్టి పీ కంటే కొన్ని సెకన్లు ఆలస్యంగా స్టేషన్‌కి చేరుతుంది. రేడియల్ కాంపొనెంట్‌ని (భూకంపం దిశలో నేల అడ్డంగా కదిలిన తీరు) వర్టికల్‌తో డీకన్వాల్వ్ చేస్తే భూకంపం తాలూకు గందరగోళం చాలా వరకు పోయి ఈ ఆలస్యం బయటపడుతుంది, అదే రిసీవర్ ఫంక్షన్. 1979లో లాంగ్‌స్టన్ పేపర్ తర్వాత అందరూ చేస్తున్నది ఇదే. ఆ ఆలస్యాన్ని కిలోమీటర్లుగా మార్చాలంటే వేగాలు కావాలి, ఆ వేగాలు మనం ఊహించి పెడుతున్నవి.

ఎంత తేడా పడుతుందో లెక్క వేసి చూడండి. సగటు వీపీ (పీ తరంగ వేగం) 6.4 కి.మీ./సె, వీపీకి వీఎస్‌తో (ఎస్ తరంగ వేగం) నిష్పత్తి 1.75, తరంగం ఎంత వాలుగా వస్తోందో చెప్పే రే పారామీటర్ 0.06 సె./కి.మీ. అనుకుంటే 35 కి.మీ. క్రస్ట్‌కి మోహో పీఎస్ 4.3 సెకన్ల దగ్గర రావాలి. నేలకూ మోహోకూ మధ్య మళ్లీ కొట్టుకుని వచ్చే తరంగాల్లో (మల్టిపుల్స్) మొదటిది 14.4 దగ్గర పాజిటివ్‌గా, రెండోది 18.7 దగ్గర నెగెటివ్‌గా వస్తాయి. ఇప్పుడు ఆ 4.3 సెకన్లను అలాగే ఉంచి నిష్పత్తిని మాత్రం 1.70కి మార్చండి, మందం 37.5 అవుతుంది. 1.80 పెడితే 32.9. అంటే ఒక్క పీఎస్ మాత్రమే చూసుకుంటే, నిష్పత్తిలో 0.1 తేడాకే నాలుగున్నర కిలోమీటర్లు కదిలిపోతున్నాయి. వీపీని 6.4 నుంచి 6.6కి మార్చినా ఒక కిలోమీటరే తేడా. అందుకే జూ, కనమోరి 2000లో హెచ్-కప్పా పద్ధతి పెట్టారు: మల్టిపుల్స్‌ని కూడా కలిపి మందాన్నీ నిష్పత్తినీ ఒకేసారి వెతకడం. కాలిఫోర్నియా డేటా మీద వాళ్లు పెట్టిన 0.7, 0.2, 0.1 వెయిట్లను మన వాళ్లలో చాలామంది ఆలోచించకుండా అలాగే వాడేస్తుంటారు. మీ ట్రేసుల్లో మల్టిపుల్స్ స్పష్టంగా ఉంటే వాటికి వెయిట్ పెంచండి. లేకపోతే ఆ స్టాక్ మీకిచ్చేది పీఎస్ టైమింగ్ ఒక్కటే, దాని పక్కన ఎర్రర్ చూపే ఒక అందమైన దీర్ఘవృత్తం, అంతే.

ఆ దీర్ఘవృత్తం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు 38 పక్కన ప్లస్ ఆర్ మైనస్ 0.6 అని రాశారు. అది బూట్‌స్ట్రాప్ నుంచి వచ్చింది కదా? బూట్‌స్ట్రాప్ చెప్పేది ఏమిటంటే, మీ భూకంపాలను కొన్ని మార్చి కొన్ని తీసి మళ్లీ స్టాక్ చేస్తే జవాబు ఎంత ఊగుతుందో, అంతవరకే. మీ వీపీ తప్పయితే, మోహో వాలుగా ఉంటే, క్రస్ట్ ఒకే పొర కాకపోతే ఆ 0.6కి ఏమీ తెలియదు. ఎన్ని పేపర్లలో చూసినా నాకు చిరాకు తెప్పించే అంకె ఇదే. అన్నీ కలుపుకుని నిజాయితీగా చెప్పాలంటే కనీసం రెండు కిలోమీటర్లైనా పెట్టాలని నా అభిప్రాయం.

ఇక హాసన్ సంగతి. మీ సగటు వీపీ 6.5, నిష్పత్తి 1.75 అన్నారు, అవే తీసుకుని రే పారామీటర్ 0.06 దగ్గర లెక్క వేశాను. 38 కి.మీ. అయితే పీఎస్ 4.6 సెకన్లకు, 46 అయితే 5.6కి రావాలి. సరిగ్గా ఒక సెకను తేడా. గాసియన్ 1.0 ఫిల్టర్ (ఈ అంకె తగ్గే కొద్దీ పీకులు లావవుతాయి) పెడితే ఒక సెకను తేడా ఉన్న రెండు పీకులు కలిసిపోయి ఒకే లావుపాటి గుబ్బలా కనిపిస్తాయి. మీరు పెట్టిన చిత్రంలో 4.4 నుంచి దాదాపు 6 సెకన్ల దాకా సాగిన గుబ్బ అదే అయి ఉండాలి. దాని ఎడమ భుజం కాస్త ఎత్తుగా ఉంది, స్టాక్ దాన్ని పట్టుకుంది. గాసియన్ 2.5కి మార్చి మళ్లీ చూడండి. రెండుగా చీలితే పదునైన సరిహద్దులు రెండున్నాయి. చీలకుండా మొత్తం గుబ్బే బలహీనపడిపోతే, వేగం మెట్టులా కాకుండా వాలులా క్రమంగా పెరుగుతోందన్నమాట. పదునైన సరిహద్దు ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కూడా నిలబడుతుంది, వాలు నిలబడదు. పది నిమిషాల పని, రెండు సమాధానాలను విడదీయడానికి ఇంతకంటే చౌకైన పరీక్ష లేదు.

రెండో పరీక్ష మల్టిపుల్స్ దగ్గర. 38 కి.మీ. పొరకు పాజిటివ్ మల్టిపుల్ 15.4 సెకన్ల దగ్గర, నెగెటివ్ 20 దగ్గర. 46కి పాజిటివ్ 18.6, నెగెటివ్ 24.1. ఇక్కడ ఒక చిక్కుంది, చాలామంది గమనించరు. లోతైన పొర తాలూకు పాజిటివ్ 18.6 దగ్గర, పై పొర తాలూకు నెగెటివ్ 20 దగ్గర, పక్కపక్కనే పడతాయి. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఒకదాన్నొకటి తినేస్తాయి. అప్పుడు హెచ్-కప్పాకి 46 తాలూకు ఆధారం కనపడదు, 15.4 దగ్గర పాజిటివ్ మాత్రం చెక్కు చెదరకుండా ఉంటుంది, జవాబు 38 వైపు లాగేస్తుంది. మీ స్టాక్ తప్పు చేసిందని కాదు, రెండు పొరలున్న చోట ఒక్క పొరను వెతకమని మనమే చెప్పాం.

ట్రేసులన్నీ కలిపి స్టాక్ చేసే ముందు రే పారామీటర్ వారీగా పేర్చి చూడటం తప్పనిసరి. దగ్గరి భూకంపాలకు, అంటే 30 డిగ్రీల వైపు వాటికి, రే పారామీటర్ 0.08 దాకా ఉంటుంది, 90 డిగ్రీల దగ్గర 0.04 పైచిలుకు. 90 డిగ్రీల చివర నుంచి 30 డిగ్రీల చివరకు వస్తే 38 కి.మీ. మోహో పీఎస్ 4.5 నుంచి 4.8కి ఆలస్యమవుతుంది, మొదటి మల్టిపుల్ మాత్రం 15.8 నుంచి 14.8కి ముందుకు జరుగుతుంది. రెండూ ఎదురెదురు దిశల్లో కదులుతాయి. ఇదెందుకు ముఖ్యమంటే 10-12 కి.మీ. లోతులో ఏదైనా పొర ఉంటే దాని మొదటి మల్టిపుల్ నాలుగైదు సెకన్ల మధ్యనే వస్తుంది, అచ్చం మోహోలా కనిపిస్తుంది. కడప బేసిన్ లాంటి చోట, అవక్షేపాలు కొన్ని కిలోమీటర్ల మందం పేరుకుని ఉన్నచోట పనిచేసేవాళ్లు ఈ తనిఖీ లేకుండా ఒక్క అంకె కూడా నమ్మకూడదు. హాసన్ దగ్గర అంతటి బేసిన్ లేదు గాని, గ్రీన్‌స్టోన్ బెల్టులు (పాత అగ్నిపర్వత, అవక్షేప శిలల పట్టీలు) పక్కనే ఉన్నాయి కాబట్టి ఒకసారి చూసుకోండి.

ఇక జాయింట్ ఇన్వర్షన్ 46 ఇచ్చిందంటే నమ్మేయాలా? దానికీ దాని రోగాలున్నాయి. రిసీవర్ ఫంక్షన్‌కి వేగంలో మార్పులు తెలుస్తాయి, అసలు వేగం ఎంతో అంతగా తెలియదు. 1990లో ఆమన్, రాండాల్, జాండ్ట్ ఈ సంగతినే చూపించారు, ఒకే రిసీవర్ ఫంక్షన్‌కి చాలా భిన్నమైన మోడల్స్ సమానంగా సరిపోతాయని. సర్ఫేస్ వేవ్స్‌కి అసలు వేగం తెలుస్తుంది, సరిహద్దు ఎక్కడుందో తెలియదు. అందుకే రెండూ కలపడం. సర్ఫేస్ వేవ్ ఏ లోతును చూస్తుందో స్థూలంగా తెలుసుకోవాలంటే తరంగదైర్ఘ్యంలో మూడో వంతు లెక్క వేసుకోండి: 20 సెకన్ల రేలీ తరంగం 3.5 కి.మీ./సె తో పోతే తరంగదైర్ఘ్యం 70 కి.మీ., అది ఎక్కువగా చూసేది 23 కి.మీ. అటూ ఇటూ. 30 సెకన్లకు అది 37 దగ్గరకు వస్తుంది. అంటే మీ గొడవంతా 38కీ 46కీ మధ్య కాబట్టి 30 నుంచి 45 సెకన్ల మధ్య డిస్పర్షన్ బాగుంటేనే దానికి తీర్పు చెప్పే అర్హత ఉంటుంది. మీ కర్వ్ ఎక్కడి నుంచి తీసుకున్నారో రాయలేదు. ప్రపంచ మ్యాపుల నుంచి తీసిందైతే అది వందల కిలోమీటర్ల మీద సగటు. పశ్చిమ, తూర్పు ధార్వాడ్ (కర్ణాటక ప్రాంతపు పురాతన శిలా ఖండం) భాగాలను విడదీసే చిత్రదుర్గ షియర్ జోన్‌కి అటు మందపు క్రస్ట్, ఇటు పల్చటి క్రస్ట్, రెండూ కలిసిపోయిన వేగం మీ స్టేషన్‌కి అంటగట్టినట్టవుతుంది. రెండేళ్ల పాటు రికార్డైన యాంబియెంట్ నాయిస్ (భూకంపాలు లేనప్పుడు కూడా ఉండే నేల కంపనం) మీ దగ్గరే ఉంది, 2004 నాటి షపీరో, కాంపియో పేపర్ తర్వాత ఇది అందరికీ అలవాటైన పనే. మీ నెట్‌వర్క్‌లోని స్టేషన్ల మధ్య క్రాస్ కోరిలేషన్ చేసి సొంత కర్వ్ తీసుకోండి. నాయిస్‌తో సాధారణంగా 30 సెకన్లు దాటాక నాణ్యత పడిపోతుంది, స్టేషన్ల మధ్య దూరం తక్కువైతే ఇంకా ముందే. అక్కడి నుంచి భూకంపాల కర్వ్ అతికించుకోవాలి.

స్టార్టింగ్ మోడల్ ఇంకో ఉచ్చు. ఐయాస్ప్91 అనే ప్రపంచ సగటు వేగాల మోడల్‌లో మోహో 35 కి.మీ. దగ్గర గీత గీసినట్టు ఉంటుంది. దాంతో మొదలుపెట్టిన ఇన్వర్షన్ చివర్లో కూడా 35 దగ్గర ఒక చిన్న మెట్టు మిగిలిపోతుంటుంది, దాన్ని చూసి కొందరు మధ్య క్రస్ట్ సరిహద్దు అని పేరు పెట్టి చర్చ రాసేస్తారు. కోలార్‌లో మీకు 35 వచ్చింది కదా, అది స్టార్టింగ్ మోడల్ ముద్ర కాదని ఎలా చెప్తారు అని సెమినార్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, ఖాయం. జవాబు సిద్ధంగా పెట్టుకోండి. క్రస్ట్ అనేదే లేకుండా పై నుంచి కింద దాకా మాంటిల్ వేగం ఒకటే పెట్టి ఒకసారి, మోహోని 30 దగ్గర పెట్టి ఒకసారి, 55 దగ్గర పెట్టి ఒకసారి నడపండి. ఎక్కడి నుంచి బయల్దేరినా అక్కడికే చేరితే అది డేటా చెప్పిన మాట. చేరకపోతే మీరు చెప్పిన మాట.

నడిపాక వచ్చే వీఎస్ ప్రొఫైల్‌లో మోహో ఎక్కడ అని ఎలా నిర్ణయించారు? మీ 46 కీలకమంతా ఇక్కడే ఉందని నా అనుమానం. పశ్చిమ ధార్వాడ్ కింద లోయర్ క్రస్ట్‌లో వీఎస్ 4.0 కి.మీ./సె దాటిన పొర ఉందని రిసీవర్ ఫంక్షన్, యాంబియెంట్ నాయిస్ అధ్యయనాల్లో ఇప్పటికే వచ్చింది. మామూలు లోయర్ క్రస్ట్ 3.8, 3.9 దగ్గర ఉంటుంది, మాంటిల్ 4.4, 4.5. మధ్యలో 4.0 నుంచి 4.2 ఉన్న పొర వచ్చి కూర్చుంటే పైన ఒక మెట్టు, కింద ఒక మెట్టు, లేదా మొత్తం ఒక వాలు. మీరు 4.0 దాటిన చోట గీత గీస్తే మోహో 38. 4.3 దాటిన చోట గీస్తే 46. చెన్నై బెసంట్ నగర్ బీచ్‌లో తడి ఇసుక ఎక్కడ ఆగి పొడి ఇసుక ఎక్కడ మొదలైందో సెంటీమీటర్‌లో చెప్పమన్నట్టుంటుంది ఇలాంటి చోట మోహో లోతు అడగడం. అందుకని థీసిస్‌లో మోహో అంటే నేను దేన్ని అంటున్నానో ఒక వాక్యంలో రాయండి, ఆ తర్వాతే అంకె రాయండి.

ఆ 4.0-4.2 పొర ఏ రాయి? మేఫిక్ గ్రాన్యులైట్, గార్నెట్ ఉన్నది, అయి ఉంటుంది. మాంటిల్ నుంచి కరిగి వచ్చిన బసాల్ట్ ద్రవం క్రస్ట్ అడుగున పేరుకుని గడ్డకట్టిందని సాధారణంగా చెప్పే వివరణ. అదే రాయి ఇంకా ఒత్తిడి పెరిగి ఎక్లోజైట్ అయిపోతే వీపీ 8 దగ్గరికి వెళ్లిపోతుంది, అప్పుడు సీస్మిక్‌గా అది మాంటిల్‌తో కలిసిపోతుంది, రసాయనికంగా మాత్రం క్రస్ట్ రాయే. అంటే రాళ్ల శాస్త్రం చెప్పే మోహో, తరంగాలు చెప్పే మోహో ఒకటే కానక్కర లేదు. మీ కమిటీలో పెట్రాలజీ ప్రొఫెసర్ ఉన్నారన్నారు కదా, ఆయన పట్టుకునేది ఇక్కడే.

దీనికి సీస్మాలజీ బయట నుంచి ఒక సాక్ష్యం ఉంది, నాకు బాగా ఇష్టమైన లెక్క. క్రస్ట్ 8 కి.మీ. అదనంగా మందమై, అది మామూలు క్రస్ట్ సాంద్రత, అంటే 2.85 అనుకుంటే, 3.3 సాంద్రత ఉన్న మాంటిల్ మీద తేలుతూ నేల దాదాపు 1.1 కి.మీ. పైకి లేవాలి. హాసన్ బెంగళూరు కంటే కిలోమీటరు ఎత్తులో ఉందా? లేదు, రెండూ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన, దాదాపు సమానంగా ఉన్నాయి. కోలార్ కొంచెం కింద. టిబెట్‌లో క్రస్ట్ 70 దాటుతుంది, నేల 5 కి.మీ. ఎత్తున ఉంది, అక్కడ లెక్క కుదురుతుంది. హాసన్ దగ్గర కుదరడం లేదంటే అదనంగా ఉన్న ఆ భాగం మాంటిల్‌కి దగ్గరి బరువున్న రాయి అని అర్థం. 3.1 పెట్టినా అర కిలోమీటరు తేలాలి, మిగతాది మాంటిల్ లిథోస్ఫియర్ చూసుకుంటుంది. మీ వీఎస్ ప్రొఫైల్‌నీ ఈ లెక్కనీ ఒకే స్లైడ్‌లో పెట్టండి, సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

పాత పనిని కూడా వదలకండి. మన కావలి నుంచి ఉడుపి దాకా, నెల్లూరు జిల్లా తీరం నుంచి అరేబియా సముద్రం దాకా అడ్డంగా 600 కి.మీ. డీప్ సీస్మిక్ సౌండింగ్ ప్రొఫైల్ 1970లలో ఎన్‌జీఆర్‌ఐ (హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు సోవియట్ సహకారంతో చేశారు, దేశంలో అదే మొదటిది, కైలా బృందం 1979లో ప్రచురించింది. పేలుళ్లు పెట్టి, వరసగా జియోఫోన్లు పరిచి చేసిన పని. కొత్త పిల్లలు దాన్ని రిఫరెన్స్‌లో ఒక పేరుగా మాత్రమే పడేస్తారు. మీకు దాని అసలు ఉపయోగం వీపీ. రిసీవర్ ఫంక్షన్ ఇవ్వలేనిది సరిగ్గా అదే, ఆ ప్రొఫైల్ ఇచ్చేది అదే. 6.5 అని ఊహించే బదులు అక్కడి నుంచి తెచ్చుకోండి. అలాగే గౌరీబిదనూరు ఎరే, అంటే ఒకచోట వరసగా పెట్టిన సీస్మోమీటర్ల సమూహం. 1960లలో పెట్టింది, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) నడుపుతోంది, కోలార్ గనుల్లో రాక్‌బర్స్ట్‌ల (గనిలో రాయి హఠాత్తుగా పగలడం) రికార్డులతో ఆ చుట్టుపక్కల పై క్రస్ట్ వేగాలు 70ల మొదట్లోనే తీశారు. మీ కోలార్ స్టేషన్‌కి ఇంతకంటే దగ్గరి కొలత ఎక్కడ దొరుకుతుంది?

పోల్చుకోవడానికి ఒక గుర్తు చెబుతా. రిసీవర్ ఫంక్షన్లలో తూర్పు ధార్వాడ్ 35 అటూ ఇటూ, పశ్చిమ ధార్వాడ్ 40 దాటి 50 దాకా వస్తుందని 2003 నుంచీ ఒప్పుకుంటున్న చిత్రమే. హైదరాబాద్ హెచ్‌వైబీ స్టేషన్‌లో 33 దగ్గర వస్తుంది. అది జియోస్కోప్ నెట్‌వర్క్‌లోది కాబట్టి డేటా ఎవరైనా దించుకోవచ్చు. మీ కోడ్ మొత్తాన్ని ముందు హెచ్‌వైబీ మీద నడిపి 33 తెప్పించండి. అక్కడ రాకపోతే హాసన్ గురించి మాట్లాడుకోవడం దండగ. మోహోరోవిచిచ్ 1909 అక్టోబరు 8న జాగ్రెబ్ దగ్గర వచ్చిన భూకంపం రికార్డుల్లో రెండు పీ తరంగాలు చూసి ఈ సరిహద్దుని కనిపెట్టినప్పుడు ఆయనకు వచ్చిన లోతు 54 కి.మీ. సరిహద్దు నిలబడింది, ఆ 54 నిలబడలేదు.

భూకంపాల ఎంపికలో మన ప్రాంతానికి ఒక ఇబ్బంది ఉంది. సుమత్రా భూకంపాలు బోలెడు వస్తాయి గాని బెంగళూరు నుంచి 23 డిగ్రీల దగ్గర ఉంటాయి, 30 లోపల అప్పర్ మాంటిల్ మలుపుల వల్ల పీ తరంగమే చిక్కుపడుతుంది, వాడకండి. ఫిజీ వైపువి వంద దాటిపోతాయి. వాడుకోదగినవి బాండా సముద్రం, సొలొమన్, జపాన్, అన్నీ తూర్పు వైపే. పడమట నుంచి ఏదైనా దొరికితే బంగారంలా దాచుకోవాలి. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో వచ్చిన 7.8 భూకంపం మన ఊరి నుంచి 44 డిగ్రీల దగ్గర ఉంది, దాని తర్వాత వచ్చిన పెద్దవి కూడా. మీ స్టేషన్ అప్పటికి నడుస్తుంటే వాటిని విడిగా స్టాక్ చేయండి. హాసన్‌కి తూర్పు నుంచి వచ్చే కిరణాలు స్టేషన్‌కి తూర్పున, అంటే పల్చటి క్రస్ట్ వైపు పది కిలోమీటర్లకు అటూ ఇటూ మోహోని తాకుతాయి. ఆ ఒక్క దిశ భూకంపాలతోనే 38 వచ్చిందా, అన్ని దిశలతోనా అన్నది మీ చిత్రంలో లేదు.

ట్రాన్స్‌వర్స్ కాంపొనెంట్ (రేడియల్‌కి లంబంగా అడ్డ కదలిక) కూడా చూపించండి. పక్కన పడేసి ఉంటారు, అందరూ అదే చేస్తారు. సున్నా సెకన్ల దగ్గర దాంట్లో బలమైన పీక్ ఉంటే భూమి సంగతి తర్వాత, సెన్సార్ ఉత్తరానికి తిరిగి లేదని అర్థం. కాలేజీ ఆవరణల్లో పెట్టిన స్టేషన్లకు ఇది మామూలే, పక్కనే ఇనుప గేటో, స్లాబు కమ్మీలో ఉంటాయి, మొబైల్ కంపాస్‌తో ఉత్తరం గీసేస్తారు. మన దగ్గర డెక్లినేషన్ (కంపాస్ ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా) ఒకట్రెండు డిగ్రీలే, దాన్ని నిందించి లాభం లేదు. కంపాస్ 15 డిగ్రీలు తప్పితే మోహో టైమింగ్ పెద్దగా చెడదు, రేడియల్ ఆంప్లిట్యూడ్ కూడా మూడు నాలుగు శాతమే తగ్గుతుంది, కానీ ట్రాన్స్‌వర్స్‌ని చూసి భూమి గురించి తప్పు తీర్మానం చేసే ప్రమాదం ఉంది.  పీ తరంగం కణాల కదలిక దిశను బ్యాక్ అజిముత్‌తో (స్టేషన్ నుంచి చూస్తే భూకంపం ఉన్న దిశ) పోల్చి సరిచేసుకోవచ్చు, మళ్లీ హాసన్ వెళ్లక్కర్లేదు.

చెన్నై ఫ్రెండ్ విషయం చిన్నదే. మెత్తటి అవక్షేపం అడుగున పుట్టే పీఎస్ అసలు పీ కంటే బలంగా ఉంటుంది, రెండూ కలిసిపోయి పీక్ జరిగినట్టు కనిపిస్తుంది. ఎంత జరిగిందో చూడమనండి. నగరం కింద పదుల మీటర్ల మెత్తటి మట్టి అయితే 0.1 సెకను మించదు. అర సెకను దాటితే వందల మీటర్ల అవక్షేపం, అంటే పాలార్ బేసిన్ వైపు ఉన్నట్టు. ఆ పొరలో తరంగం అటూ ఇటూ కొట్టుకుంటూ మోహో పీక్‌ని మింగేస్తుంది, ముందు ఆ ప్రతిధ్వనిని తీసే ఫిల్టర్ వేసుకోవాలి, హెచ్-కప్పా తర్వాత. సముద్రం పక్కనే కాబట్టి ఐదారు సెకన్ల మైక్రోసీజమ్ (సముద్రపు అలల వల్ల నేలలో వచ్చే కంపనం) కూడా ఎక్కువ, తుపాను నెలల్లో వచ్చిన భూకంపాలను కళ్లు మూసుకుని తీసేయవచ్చు. స్టేషన్ మార్చే వీలుంటే సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం వైపు చార్నొకైట్ మీద పెట్టమనండి, అంత మంచి గట్టి రాయి నగరంలోనే పెట్టుకుని ఇసుక మీద ఎందుకు? బెంగళూరులో మనకు ఆ బాధ తక్కువ, ఎక్కడ తవ్వినా కాసేపటికి రాయే. ట్రాఫిక్, మెట్రో గోల ఎక్కువే గాని అది ఒక హెర్ట్జ్ పైన, మనం చూసే ఫ్రీక్వెన్సీలకు పెద్దగా అడ్డం రాదు.

గైడ్ గారికి ఒక్క అంకే కావాలంటే నేనైతే టేబుల్‌లో రెండు కాలమ్స్ పెడతాను: లోయర్ క్రస్ట్ వేగం 4.0 దాటిన లోతు, 4.3 దాటిన లోతు. కోలార్‌కి ఆ రెండూ ఒకటి రెండు కిలోమీటర్లలో దగ్గరగా ఉంటాయి, హాసన్‌కి ఎనిమిది తేడా వస్తుంది. ఆయన అడిగే అంకె రెండో కాలమ్‌లో ఉంటుంది, మీ చాప్టర్‌కి సరుకు ఆ తేడాలో ఉంటుంది. అది కూడా గాసియన్ 2.5 పరీక్ష, స్టార్టింగ్ మోడల్ పరీక్ష రెండూ పాసయ్యాకే. ఈలోగా హాసన్ ట్రేసులను బ్యాక్ అజిముత్ వారీగా, రేడియల్, ట్రాన్స్‌వర్స్ పక్కపక్కన, మైనస్ 5 నుంచి 30 సెకన్ల దాకా ప్లాట్ చేసి ఇక్కడే పెట్టండి, 15 నుంచి 20 సెకన్ల మధ్య ఏముందో చూసి చెబుతా.